ఆకుపచ్చ సంచి

వంతెన పక్క నీటిమట్టం గది,
బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు.
వానలకు ఇంకా పదకొండు రోజులు.

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తున్నానని రాయడం మర్యాద గనక రాశాను గానీ, తలచుకోవలసిన అవసరం నాకు లేదు. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది తొమ్మిది అంగుళాల గోడ. ఈ ఉదయం నీ కుక్కరు నాలుగు విజిళ్లు వేసింది. బావగారు రెండుసార్లు తుమ్మారు. రెండో తుమ్ముకు నువ్వు ఆయన్ని తిట్టావు. కాబట్టి క్షేమమే.

గోడకు అవతల ఉన్న మనిషికి ఎవరైనా ఉత్తరం రాస్తారా అని నువ్వు అనుకోవచ్చు. ఆ మనిషి ఆరేళ్లుగా మాట్లాడకపోతే రాస్తారు.

ఆదివారం మన వీధిలో జరిగిన ప్రహసనంలో సగం నీకు కిటికీలోంచి కనిపించే ఉంటుంది. మిగతా సగం నేను ఎవరికైనా చెప్పుకోకపోతే నా తల పగిలేలా ఉంది. ఇరవై మూడేళ్లుగా ఈ గదిలో కూర్చుని నది ఎత్తు కొలుస్తున్నాను. నది ఒక్కనాడూ నన్ను ఇంత విసిగించలేదు. పన్నెండు ఇళ్లవాళ్లు ఒక్క పూటలో విసిగించారు.

విషయం నీకు ముక్కలు ముక్కలుగా చేరి ఉంటుంది కనుక వరసగా చెబుతాను. ఎగువన నీటిమట్టం కొలిచే మొదటి గేజి దగ్గర నీరు ఎర్ర గీత దాటితే, మన వీధి చివరికి చేరడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టేది. పట్టేది అంటున్నాను. పోయిన ఏడాది గంటా నలభై నిమిషాలకే వచ్చింది. నలభై ఏళ్ల రికార్డుల్లో ఒక్కసారి కూడా కనిపించని వాన పోయిన ఏడాది ఒక్క వానాకాలంలోనే మూడుసార్లు కురిసింది. మూడోసారి నీళ్లు మీ గడపకు ఒక మెట్టు కింద ఆగాయి. ఆ మెట్టు మీద నువ్వు చీపురు పట్టుకుని నదికే అడ్డం నిలబడ్డట్టు నిలబడ్డావు. నేను మా వరండాలోంచి చూశాను. ఆ రోజు కరెంటు పోయిన పావుగంటకే ఫోన్లూ పోయాయి. అందుకే ఫోన్లను నమ్ముకోకుండా, మనిషి నుంచి మనిషికి కబురు నడిచే పద్ధతి ఒకటి పెట్టమని సంఘాన్ని ఎనిమిది నెలలుగా బతిమాలుతున్నాను.

పద్ధతి చాలా చిన్నది. మా ఆఫీసు మనిషి సైకిలు మీద వచ్చి ఒక సంచి ఇస్తాడు. అది అందుకున్న ఇంటివాళ్లు అందులోని కాగితం మీద టైము వేసి, సంతకం పెట్టి, పక్కింటి తలుపు తట్టి చేతికిస్తారు. వాళ్లు ఆ పక్కింటికి. అంతే. చంటిపిల్లలు ఆడుకునే ఆటంత తేలిక. మనవాళ్లు పెద్దవాళ్లు కావడమే వచ్చిన చిక్కు.

మొదటి సమావేశంలో నేను చెప్పింది ఒక్కటే. మన వీధి ఏటవాలు. ఒకటో నంబరు మిట్టన ఉంది, పన్నెండో నంబరు పల్లంలో ఉంది. ముందు మునిగేది పన్నెండు గనక కబురు కిందినుంచి మొదలై పైకి పోవాలి. దానికి మన సంఘం అధ్యక్షుడు, అదే ఒకటో నంబరు బేకరీ ఆయన, కట్టుకున్న భార్య చేత కూడా ప్రెసిడెంటుగారూ అని పిలిపించుకునే మహానుభావుడు, లేచి నిలబడి, ఒకటి తర్వాత రెండు వస్తుందా పన్నెండు వస్తుందా, చదువుకున్నవారు మీరే సెలవియ్యండమ్మా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నదికి ఇంటి నంబర్లు తెలియవండీ అన్నాను. తెలియకపోతే తెలిసేలా వంతెన దగ్గర బోర్డు పెట్టిద్దాం అని మూడో నంబరు దర్జీ అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా వాదించి ఉండవలసింది. ఎందుకు వాదించలేదో తర్వాత రాస్తాను.

రెండో గొడవ సంచుల గురించి. నేను రెండు కుట్టించాను. ఎర్ర సంచి వస్తే మనుషులు, మందులు, కాగితాలు, ఆ వరసలోనే, వీధి పైన ఉన్న బడి మేడ మీదికి చేరాలి. ఎగువన నీరు తగ్గిందని ఆకుపచ్చ సంచి వస్తే చేతిలో సామాను ఏదున్నా అక్కడే కిందపెట్టి, ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఆగిపోవాలి. ఎర్ర సంచిని అందరూ ఒప్పుకున్నారు. ఆకుపచ్చది చూసేసరికి గంటసేపు నన్ను పీక్కుతిన్నారు. ఇదెందుకమ్మా, కూరగాయలకా అని దర్జీ. నీళ్లు తగ్గితే మాకు కనపడదా, కళ్లు లేవా అని ఆరో నంబరు మందుల షాపు ఆవిడ. నిబంధనల్లో అది ఏడోది, ఉండి తీరాలి అని మాత్రం అన్నాను. కారణం అడిగారు. చెప్పలేదు. ఈవిడకు రంగుల పిచ్చి అని సర్దుకున్నారు.

ఇక ఆదివారం, ఉత్తుత్తి వరదకు మొదటి డ్రిల్లు. సరిగ్గా పది గంటలకు ఎర్ర సంచి ఒకటో నంబరుకు అందింది. పది పదిహేనుకు పన్నెండో నంబరుకు చేరాలని లెక్క. ప్రెసిడెంటుగారు సంచి అందుకుంటున్న దృశ్యం ఫోటో తీయించుకున్నారు. కళ్లు మూసుకున్నట్టు పడిందని మళ్లీ తీయించుకున్నారు. ఆపైన విపత్తులను చిరునవ్వుతో ఎదుర్కొనడం గురించి నాలుగు మాటలు మాట్లాడారు. వినడానికి ఉన్నది వాళ్ల ఆవిడ, ఒక కుక్క. పది తొమ్మిదికి సంచి గడప దాటింది. దర్జీ, కొలతలు తీసుకుంటున్న మనిషిని మధ్యలో వదిలేస్తే చెయ్యి పొట్టి అయిపోతుందని, రెండు చేతులూ, మెడా, నడుమూ అయ్యాకే లేచాడు. అయిదో నంబరులో అన్నదమ్ముల గొడవ నీకు తెలిసిందే. మేడ మీద తమ్ముడు, కింద అన్న. వీధి పని కిందివాళ్లది అని పైనుంచి తమ్ముడు, బాధ్యతలు పైకి పోతేనే అందం అని కిందినుంచి అన్న. సంచి మెట్ల మీద కూర్చుని ఇద్దరి మాటలూ వింది. చివరికి వాళ్ల తల్లి ఇద్దరినీ కలిపి ఒక్క తిట్టు తిట్టి, తనే తెచ్చి ఆరో నంబరులో ఇచ్చింది.

ఆరో నంబరులో సంచి కనబడకుండా పోయింది. పది నిమిషాలు చూసి నేనే వెళ్లాను. మందుల షాపు ఆవిడ దాన్ని ఉతికి తాడు మీద ఆరేసింది. ఎంతమంది చేతుల్లో పడిందో ఏమిటో, వరదొస్తే ముందొచ్చేవి రోగాలేనమ్మా అని నాకే పాఠం చెప్పింది. లోపలి కాగితం తీశారా అంటే, అందులో కాగితం ఉందా అంది. కొత్త కాగితం రాసి, తడి సంచిలో పెట్టి, ఏడో నంబరు దాటించి ఎనిమిదికి పంపితే, అక్కడ భాష మాస్టారు. రిటైరై పదేళ్లయినా జేబులో ఎర్ర పెన్ను తీయని మనిషి. నేను హడావిడిగా రాసిన ఆ కాగితంలో నాలుగు తప్పులు పట్టుకుని, దిద్ది, కింద పదికి అయిదు వేసి, ఇలాంటి భాషతో వచ్చే కబురును ప్రజలు ఎలా విశ్వసిస్తారు తల్లీ అని నా వైపు జాలిగా చూశారు. పదో నంబరు కొత్తగా దిగిన కుర్ర జంట. నిజం వరదా, ఉత్తదా అని అడిగారు. ఉత్తదే అన్నాను. ఉత్తదానికి పరిగెత్తడం ఎందుకండీ, నిజంది వచ్చినప్పుడు మా పరుగు చూద్దురు గాని అని టీ తాగి లేచారు.

పదకొండో నంబరుకు, అంటే నా చేతికి, సంచి వచ్చేసరికి పది యాభై రెండు.

గొలుసు అక్కడ తెగింది. వార్డు ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా పుస్తకంలో, పన్నెండో నంబరువారు స్పందించలేదు, అని రాసుకున్నాడు. సాయంత్రం సమావేశంలో ప్రెసిడెంటుగారు ఆ వాక్యం చదివారు. అందరూ నిట్టూర్చారు. ఆవిడ అంతేనండీ, ఆసుపత్రిలో నర్సుగా వార్డు మొత్తాన్ని గడగడలాడించిన మనిషి, మన మాట వింటుందా అని దర్జీ. ఇష్టం లేనివాళ్లను బతిమాలడం దేనికి, పదకొండుతో ఆపేద్దాం, లెక్క కూడా తేలిక అని ప్రెసిడెంటుగారు. పన్నెండులోంచి ఒకటి తీసేస్తే లెక్క ఎలా తేలికవుతుందో నాకు తెలియదు. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు జాబితా ఖాయం చేస్తారు. అందులో మీ ఇల్లు ఉండదు. అందరికంటే ముందు మునిగే ఇల్లు ఉండదు.

అక్కా, నువ్వు స్పందించకపోవడం ఏమిటి! నీ తలుపు ఎవరూ తట్టలేదు.

తట్టవలసింది నేను. తడి సంచి పట్టుకుని మీ గుమ్మం ముందు నాలుగు నిమిషాలు నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను కూడా. లోపల నువ్వు బావగారికి మందుల వేళ గుర్తుచేస్తున్నావు. నా గడప తొక్కకు అని ఆరేళ్ల కిందట నువ్వన్న మాట, అన్న గొంతుతో సహా చెవిలో వినిపించింది. చెయ్యి దించి, సంచి మీ గేటుకు తగిలించి వచ్చేశాను. ఇందాక తర్వాత రాస్తానని వదిలేసిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే. కబురు కిందినుంచి మొదలైతే, మొదటి తలుపు నీది. అందరూ చూస్తుండగా దాన్ని మొట్టమొదట తట్టి చూపించవలసింది నేను; పైనుంచి వస్తే నా వంతు ఎప్పటికో గాని రాదు. అందుకే ప్రెసిడెంటుగారి ఒకటీ రెండూ మూడుకు అంత తేలిగ్గా తలవంచాను. ఊరందరి బద్ధకం మీద ఇన్ని కాగితాలు నింపిన దాన్ని, నాది చెప్పకపోతే న్యాయం కాదు.

శుక్రవారం లేచి ఈ మాట అందరి ముందూ చెబుతాను. నవ్వుతారు. ఇరవై మూడేళ్ల అనుభవం పక్కింటి తలుపు తట్టలేకపోయిందా అని దర్జీ అనకపోతే నా చెవి కోయించుకుంటాను. అననీ.

కానీ నువ్వు లేకుండా ఈ పని జరగదు. కారణం చెబుతాను విను. ఊతకర్ర పట్టుకుని బావగారు మీ గడప దగ్గర బయలుదేరి బడి మెట్ల మొదటికి చేరడానికి ఇరవై రెండు నిమిషాలు. ఎండలో, పొడి నేల మీద, ప్రతి ఇంటి ముందూ ఒక జోకు వేయడానికి ఆగడం కలుపుకుని. జోకులు తీసేస్తే పద్దెనిమిది. వానలో, చీకట్లో ఎంతో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం రాకూడదు. ఇదెలా తెలుసని అడుగుతావేమో. నా కిటికీ ఉంది, నా గడియారం ఉంది. రెండు నెలల కిందట వీధి పొడుగునా ఇనుప కమ్మీ వేశారు చూశావా, పట్టుకుని నడవడానికి? కుడివైపు వేస్తే ఖర్చు తక్కువ, ఎడమవైపే ఎందుకని ఇంజినీరు మూడుసార్లు అడిగాడు. ఏవేవో సాంకేతిక కారణాలు చెప్పాను. బావగారికి ఎడమచెయ్యి పట్టు బాగుంటుందన్నదే కారణం. ఆయనకు మాత్రం ఎలాగో తెలిసిపోయింది. మొన్న గోడ మీదుగా, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను మరదలా, నా కోసం రోడ్డే ఎడమపక్కకు జరగడం ఇదే మొదటిసారి అన్నారు. నువ్వు లోపల్నించి, ఎవరితో అన్నావు. పిల్లితో అన్నారు. పిల్లి నేనే.

నీ గొంతు గురించి కూడా చెప్పాలి. పాలు రాని రోజు నువ్వు వేసే కేక అయిదో నంబరు అన్నదమ్ములిద్దరినీ ఒకేసారి నిద్ర లేపుతుంది. ముప్ఫై మంది రోగులను నిప్పంటుకున్న వార్డులోంచి నువ్వు ఎనిమిది నిమిషాల్లో బయటికి నడిపించిన సంగతి వీధిలో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. సంచి ముందు నీ చేతికి వస్తే, ఫోటోలు ఉండవు, ఉతకడాలు ఉండవు. మాస్టారు కూడా దిద్దకుండా సంతకం పెడతారు. అసలు వరద రోజున నేను ఇంట్లో ఉండను, ఈ గదిలో ఉంటాను. పదకొండో నంబరుకు తాళం ఉంటుంది. నువ్వు నా తలుపు దాటి నేరుగా పదో నంబరుకు పోవాలి. ఆ విధంగానైనా నా గడప తొక్కనక్కరలేదు.

ఆదివారం పది గంటలకు మళ్లీ డ్రిల్లు. సంఘం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈసారి పన్నెండు నుంచే మొదలు. తట్టేది నేను. నీకు తలుపు తీయాలని లేకపోతే తీయవద్దు. వంటింట్లోంచి గోడ మీద రెండు దెబ్బలు కొట్టు, చిన్నప్పుడు పక్క గదిలోంచి దీపం ఆర్పమని కొట్టేదానివి, అలా. సంచి కిటికీలోంచి ఇస్తాను.

ఇంతకంటే విశేషాలు లేవు. ఈ మధ్యాహ్నం నది రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు, నిలకడగా ఉంది.

నువ్వు నాకు పెట్టిన పేరుతోనే ముగిస్తున్నాను,

కొలబద్ద,
పదకొండో నంబరు.

తాజా కలం: సంతకం పెట్టి కవరులో పెట్టాక మళ్లీ తీశాను. ఆకుపచ్చ సంచి ఎందుకో ఎవరికీ చెప్పలేదని రాశాను కదా. నీకు చెప్పాలి.

ఆరేళ్ల కిందట నేను హెచ్చరిక పంపిన రోజు నీళ్లు రాలేదు. ఎగువన కట్ట తెగి నది పక్క పొలాల్లోకి పోయింది. బడి మెట్ల మీద, ఎవరిదో పెట్టె మూడోసారి మోస్తూ జారి బావగారు తుంటి విరగ్గొట్టుకున్నది సాయంత్రం నాలుగూ ముప్ఫై అయిదుకు. రాని నీళ్ల కోసం ఉన్న కాలు పోగొట్టావు అని ఆసుపత్రిలో నువ్వన్నావు. నా లెక్క తప్పలేదు అని నేనన్నాను. ఫైల్లో కూడా అదే ఉంది: నీరు తగ్గినట్టు నిర్ధారణ, నాలుగూ ఇరవై అయిదు. కబురు బడికి చేరింది నాలుగూ యాభైకి. అందరూ అది చదివారు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు.

కానీ ఎగువ గేజి నుంచి తగ్గిందన్న మొదటి కొలత నాకు వచ్చింది మూడూ యాభై అయిదుకు. ఒక్క కొలతను నమ్మకూడదు, రెండోది కలిస్తేనే మాట బయటపెట్టాలి. మా వృత్తిలో అది మొదటి పాఠం. నేను పాఠం ప్రకారమే అరగంట ఆగాను. అప్పుడే పంపి ఉంటే, ఆయన మూడో పెట్టె ఎత్తకముందే కబురు బడికి చేరేది. మీరు ఇంటికి వెళ్లిపోండి అని చెప్పనక్కరలేదు. పెట్టెలు దింపి కూర్చోండి అంటే చాలు. ఆ మాట తప్పైనా ఎవరి కాలూ పోయేది కాదు. ఆ రోజు నాకు అది తట్టలేదు. అందుకే ఏడో నిబంధన: ఆకుపచ్చ సంచి మొదటి కొలతతోనే బయలుదేరాలి.

మూడూ యాభై అయిదు కొలత ఉన్న పుస్తకం పేజీ ఇందులో పెట్టాను. పెన్సిలుతో రాసినది. చెరపడానికి ఆరేళ్లున్నా చెరపలేదు, చూపించడానికి ఆరేళ్లున్నా చూపించలేదు. బావగారికి ఆదివారం నేనే చెబుతాను. ఇది చదివాక గోడ మీద ఆ రెండు దెబ్బలు కొట్టాలనిపించకపోతే, కొట్టవద్దు. తలుపు మాత్రం తడతాను.

నేను ఏ ఉత్తరమైనా చిత్తు రాసి, సరిచూసి, సాపు రాసి పంపుతానని నీకు తెలుసు. దీన్ని రెండోసారి చదవకుండానే మీ తలుపు కిందినుంచి తోస్తున్నాను. తప్పులుంటాయి. ఎనిమిదో నంబరు మాస్టారికి చూపించకు.